నలభై ఆరేళ్లకు స్కూటీ నేర్చుకున్నాను

గరుడ సేవ రోజు తిరుపతిలో ఆటో దొరకడం ఎంత కష్టమో ఈ ఊరి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2024 అక్టోబరు 8, బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు. సాయంత్రం ఆరున్నరకు తిరుచానూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "కళ్లు తిరగతా ఉండాయి మే, కరెంటు కూడా లేదు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. మళ్లీ నేను చేస్తే ఎత్తలేదు.

మా ఆయన గాంధీ రోడ్డులో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తారు. ఆ రోజు కొట్టులో జనం ఎలా ఉండి ఉంటారో నాకు తెలుసు. అయినా ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మా ఇల్లు కొర్లగుంటలో. అక్కడినుంచి లీలామహల్ దాకా నడిచి, చెయ్యెత్తి ఎత్తి నిలబడ్డాను. వచ్చిన ప్రతి ఆటో నిండుగా ఉంది, అన్నీ అలిపిరి వైపే పోతున్నాయి. గంట పైన గడిచింది. చివరకు ఒక షేర్ ఆటో రామానుజ సర్కిల్ దాకా తీసుకుపోయి దింపింది. మిగతా దూరం సగం నడిచి, సగం ఎవరో పాల వ్యాను ఆయన జాలిపడి ఎక్కించుకుంటే వెళ్లాను. నేను అమ్మ ఇంటి ముందుకు చేరేసరికి ఎనిమిదీ ఇరవై.

అమ్మ గడప మీద చీకట్లో కూర్చుని ఉంది. బాగానే ఉంది. నవరాత్రులని ఒక్కపొద్దు ఉండి, మధ్యాహ్నం షుగర్ మాత్ర మాత్రం వేసుకుని, అన్నం తినలేదట. మాత్ర పని మాత్ర చేసింది, కడుపులో ఏమీ లేకపోయేసరికి షుగర్ పడిపోయింది. పక్కింటి ఆవిడ చూసి చక్కెర నీళ్లు తాగించిందట. నేను వెళ్లి చేసిందేమీ లేదు. చేయవలసిన పని నేను రాకముందే వేరేవాళ్లు చేసేశారు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆయన మీద అరిచాను. ఇరవై మూడేళ్లలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఆయన మొదట ఓపిగ్గానే విన్నారు. తర్వాత విసుగొచ్చి, "ఎన్నిసార్లని నన్నే అంటావు? నీకు నువ్వు పోయేది నేర్చుకోవచ్చు గదా" అన్నారు. ఆ మాట ముల్లులా దిగింది. నిద్ర పట్టలేదు. లేచి, దేవస్థానం వాళ్ల డైరీ ఒకటి బీరువాలో ఖాళీగా ఉంటే తీసి, ఆయన నన్ను తీసుకెళ్లని చోట్లన్నీ వరసగా రాశాను. చంద్రగిరిలో మేనమామ కూతురి సీమంతం. శ్రీకాళహస్తిలో మొక్కు. అమ్మ కంటి ఆపరేషన్ తర్వాత రెండో చెకప్. పిల్లవాడి స్కూల్లో మీటింగు. అలా పదకొండు. రాసి డైరీ మూసేశాక కొంచెం తేలికగా అనిపించింది. ఆ తేలికదనం గురించి ముందు ముందు చెప్తాను, నా కథలో ముఖ్యమైనది అదే.

*

స్కూటీ నేర్చుకోవాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను అంటే అబద్ధం అవుతుంది. రెండు నెలలు ఏమీ చేయలేదు. నాకు సైకిల్ కూడా రాదు. చిన్నప్పుడు అన్న నేర్చుకుంటుంటే వెనకాల పరిగెత్తడమే నా వంతు. నలభై ఆరేళ్ల వయసు, మోకాళ్లలో అప్పుడప్పుడూ నొప్పి. రోడ్డు మీద బస్సు హారన్ కొడితే పక్కన నడుస్తున్న నాకే గుండె దడ.

నవంబరు చివర్లో తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు మొదలయ్యాయి. డిసెంబరులో పంచమి తీర్థం రోజు అమ్మ దగ్గరికి పోలేకపోయాను. ఇంట్లో ముఖం మాడ్చుకుని కూర్చుంటే మా మేడమీద అద్దెకుంటున్న వాళ్ల అమ్మాయి వచ్చింది. పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. 1983లో ఆడపిల్లల కోసమే పెట్టిన యూనివర్సిటీ అది. ఈ అమ్మాయి రోజూ తన బండి మీదే పోయి వస్తుంది. నన్ను అత్తా అని పిలుస్తుంది. "అత్తా, సైకిల్ రాకపోతే ఏం, నేను నేర్పిస్తాను. నలభై రోజులు పొద్దున్నే నాతో రా" అంది. ఆ పిల్లకు ఇరవై రెండేళ్లు. నా కొడుకు కంటే ఒక ఏడాది పెద్ద, అంతే.

నేర్చుకోవాలనుకునే అక్కచెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట చెప్పాలి. బండి భర్త దగ్గర నేర్చుకోకండి. మంచి మనిషి అయినా సరే. భార్యాభర్తల మధ్య పాత లెక్కలు చాలా ఉంటాయి. "బ్రేక్ పట్టు" అనే మామూలు మాట కూడా ఇద్దరి మధ్యా మామూలుగా ఉండదు. కొత్త మనిషి చెప్తే అది బ్రేక్ గురించే అని మనసుకు తెలుస్తుంది.

ఆ అమ్మాయి మొదట స్కూటీ ముట్టనివ్వలేదు. తమ్ముడి పాత సైకిల్ ఒకటి తెచ్చి, సైకిల్ షాపులో రెండు పెడళ్లూ ఊడదీయించింది. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని, అందరూ తిప్పే వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుందని షాపాయన చెప్తే విన్నాను. నా రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించారు. మా వీధి చివర ప్లాట్లు వేసి ఇళ్లు కట్టని స్థలం ఉంది. పొద్దున ఐదున్నరకు అక్కడికి తీసుకెళ్లి, "తొక్కాల్సింది ఏమీ లేదు అత్తా. కూర్చుని కాళ్లతో నేలను నెట్టుకుంటూ నడువు చాలు" అంది.

మూడు రోజులు అలా నడిచాను. నాలుగో రోజు మూడడుగులు గట్టిగా నెట్టి రెండు కాళ్లూ ఎత్తమంది. ఎత్తిన మరుక్షణం దించేశాను. మళ్లీ ఎత్తాను. ఎంతసేపు ఎత్తి ఉంచగలిగితే అన్ని అంకెలు లెక్కపెట్టమంది. మొదట్లో రెండు దాకానే వచ్చాను. పడతామనిపిస్తే మనం సహజంగా పడే వైపుకు ఎదురుగా హ్యాండిల్ లాగుతాం. అది తప్పట. "ఎటు వాలుతుందో అటే తిప్పు, బండి దానంతట అదే నీ కిందకు వచ్చి నిలబడుతుంది" అని ఆ అమ్మాయి పదేపదే చెప్పింది. నాకు నమ్మకం కలగలేదు. కుడికి పడుతుంటే ఇంకా కుడికే తిప్పడం ఏమిటి? కానీ తిప్పి చూశాను. నిలబడింది.

ఆ రాత్రి అదే డైరీ తీశాను. పదకొండు చోట్ల జాబితా ఉన్న పేజీ దాటేసి, కొత్త పేజీలో "ఈ రోజు ఏడు దాకా" అని రాశాను. మనసులో ఏముందో రాయలేదు, రాయాలనిపించలేదు. ఆ రోజు ఏం చేయగలిగానో ఒక్క వాక్యం. "పన్నెండు దాకా." "గోడ దాకా పోయి తిప్పాను." "ఈ రోజు రాలేదు, చలి." పదకొండో రోజున ఆ స్థలం ఈ చివరి నుంచి ఆ చివరికి కాళ్లు దించకుండా పోయాను. సూర్యుడు అప్పుడే వస్తున్నాడు. శేషాచలం కొండ ఎర్రగా ఉంది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం ఎలాంటిదంటే, నా పెళ్లికి, పిల్లవాడు పుట్టినప్పుడు కలిగినది పెద్దదే, కానీ అందులో ఎందరో ఉన్నారు. ఇందులో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

*

జనవరిలో చీటీ పాడిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ స్కూటీ కొన్నాను. 2016 మోడల్, ఇరవై ఎనిమిది వేలు. ఫారం 29, ఫారం 30 ఇచ్చి పేరు మార్పించుకునే పని ఆయనే చూసుకున్నారు. సీటు ఎత్తు తక్కువ ఉన్న బండే చూడండి. అందం, రంగు తర్వాత. సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ ఆనుతున్నాయా లేదా అన్నదే నా లాంటి వాళ్లకు సగం ధైర్యం. చీర కట్టుకుని నేర్చుకోవడం నాకు ఇష్టమే గాని, కొంగు చక్రంలో చిక్కుకున్న ప్రమాదాలు విన్నాను. పెళ్లయ్యాక మొదటిసారి చుడీదార్ వేసుకున్నాను. చున్నీ రెండు వైపులా పిన్ను పెట్టి.

స్కూటీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడే నాలుగు రోజులు నెట్టుకుంటూ తిరిగాను, దాని బరువు చేతికి తెలియాలని. సెంటర్ స్టాండ్ వేయడం అన్నిటికంటే కష్టం అనుకున్నాను. బండిని పైకి లాగడం కాదు, కాలితో స్టాండ్ మీద మన బరువంతా వేస్తే బండి దానికదే ఎక్కుతుందని తెలిశాక సులువైపోయింది. యాక్సిలరేటర్‌తోనే ఇబ్బంది. భయపడితే మనం చేతిలో ఉన్నది గట్టిగా పట్టుకుంటాం. స్కూటీలో భయపడి గట్టిగా పట్టుకున్నామంటే బండి ముందుకు దూకుతుంది. అందుకే ఆ అమ్మాయి మొదటి వారం ఒకటే పని చేయించింది. రెండు బ్రేకులూ పట్టుకుని స్టార్ట్ చేయడం, ఒక్కొక్కటే వదలడం, పాలు పొంగుకొస్తుంటే స్టవ్ తగ్గించినంత మెల్లగా చెయ్యి తిప్పడం, పది గజాలు పోయి ఆపడం. మళ్లీ.

ఆదివారాలు ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్ రోడ్ల మీద నేర్చుకున్నాం. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. ఒక పెద్దాయన రోజూ "బాగా వస్తోందమ్మా" అనేవారు, వచ్చినా రాకపోయినా. ఆయనెవరో ఇప్పటికీ తెలియదు.

జనవరి చివర్లో పడ్డాను. మా వీధి చివరి స్థలంలోనే. ఇల్లు కట్టడానికి ఎవరో కంకర కుప్ప పోశారు. దాన్ని తప్పించాలి, తప్పించాలి అనుకుంటూ దాన్నే చూస్తూ పోయి దాని మీదికే ఎక్కాను. చూపు ఎటుంటే బండి అటే పోతుందని ఆ అమ్మాయి ముందే చెప్పింది. విన్నాను, కానీ కంగారులో గుర్తు రాలేదు. కంకర మీద ముందు బ్రేక్ ఒక్కటే నొక్కేశాను. ముందు చక్రం జారింది. మోకాలు చీరుకుపోయింది, మణికట్టు బెణికింది, కుడి అద్దం పగిలింది.

ఆయన కట్టు కట్టించుకొచ్చారు. ఒక్క మాట అనలేదు. "ఈ వయసులో ఎందుకు" అంటారని ఎదురుచూశాను. అంటే తిరిగి ఏమనాలో కూడా సిద్ధంగా ఉన్నాను. అనలేదు. మా ఆడపడుచు మాత్రం ఫోన్‌లో అంది. మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఆటో బుక్ చేయడం నేర్పిస్తాను, ఇవన్నీ ఎందుకు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పదిహేను రోజులు బండి ముట్టలేదు. మణికట్టు నొప్పి తగ్గడానికి వారం చాలు. మిగతా వారం భయం. పొద్దున ఐదింటికి మెలకువ వచ్చేది, కళ్లు తెరవకుండా పడుకునేదాన్ని. డైరీలో ఆ రోజులన్నీ ఖాళీ. ఒక రోజు పొద్దున గుమ్మంలో ముగ్గు వేస్తూ చూశాను, స్కూటీకి కొత్త అద్దం ఉంది. ఎప్పుడు వేయించారో తెలియదు. పడిన మరుసటి రోజే కొట్టుకు పోతూ తీసుకెళ్లి వేయించారని తర్వాత మెకానిక్ చెప్పాడు. రెండు వారాలుగా అది అక్కడే ఉంది, నేను బండి వైపు చూడలేదు కాబట్టి నాకు కనబడలేదు. మరుసటి రోజు పొద్దున వెళ్లాను.

*

ఫిబ్రవరిలో ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకు ఇచ్చే లైసెన్స్. ఆన్‌లైన్‌లో స్లాట్ ఆ అమ్మాయే పెట్టింది. నలభై దాటినవాళ్లకు డాక్టర్ సర్టిఫికెట్, అదే ఫారం 1ఏ, కావాలి. మర్చిపోయి వెళ్తే ఒక రోజు వృథా. పరీక్ష కంప్యూటర్ మీద. గుండ్రని ఎర్ర అంచు బోర్డు అయితే చేయకూడనివి, మూడు కోణాలది అయితే ముందు జాగ్రత్త, నీలం నలుచదరం అయితే సమాచారం. ఈ మూడూ పట్టుకుంటే సగం ప్రశ్నలు వచ్చేస్తాయి. ఇంటర్ తర్వాత నేను పరీక్ష రాయడం అదే. ఇరవైకి పదిహేడు. నా పక్కన పద్దెనిమిదేళ్ల కుర్రాడు తప్పాడు, పాపం వాడిని చూస్తే నా కొడుకు గుర్తొచ్చి, మళ్లీ రాయొచ్చులే నాయనా అని చెప్పాను.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు ఉంటుంది. నెల రోజులు నిండాకే లైసెన్స్ టెస్ట్‌కు పోవాలి. బండికి ముందూ వెనకా తెల్ల అట్ట మీద ఎర్ర ఎల్ అతికించుకున్నాను. కొలత కూడా నిబంధనల్లో ఉంది, పద్దెనిమిది సెంటీమీటర్ల చదరం. కొందరు అది పెట్టుకోవడానికి సిగ్గుపడతారు. నాకు అది కాపుదలలా అనిపించింది. వెనకాల హారన్ కొట్టేవాళ్లు అది చూసి ఒక్క క్షణం ఆగేవారు.

మార్చిలో టెస్ట్ తప్పాను. ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారిలో కాలు దించకుండా తిరగాలి. రెండో మలుపులో కాలు దించేశాను. ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే, "ఏడు రోజుల తర్వాత రండమ్మా" అన్నారు. నియమం అదే, వారం ఆగాలి. మూడుసార్లు తప్పితే మాత్రం అరవై రోజులు ఆగాలి. ఆ వారం రోజులూ ప్లాట్ల స్థలంలో సున్నంతో ఎనిమిది గీసి తిరిగాను. వెనక బ్రేక్ కొద్దిగా పట్టి, యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి, చూపు చక్రం మీద కాకుండా రాబోయే మలుపు మీద. రోజుకు నలభై సార్లు. రెండోసారి అయిపోయింది. నా వయసుకు పదేళ్లకు లైసెన్స్ ఇచ్చారు. ఆ కార్డు ఇంటికొచ్చిన రోజు దాన్ని దేవుడి దగ్గర పెట్టి దండం పెట్టుకున్నాను.

మే నెలలో ఒక బుధవారం పొద్దున ఆరింటికి ఒంటరిగా తిరుచానూరు బయలుదేరాను. శ్రీనివాస సేతు పిల్లర్ల కింద నీడ పడి ఉంది. ఊళ్లో గంగజాతర రోజులు, తొందరగా పోతే రోడ్డు ఖాళీగా ఉంటుందని అంత పొద్దున్నే. అయిదారు కిలోమీటర్లకు నాకు ముప్పావు గంట పట్టింది. రెండుచోట్ల ఆగి నీళ్లు తాగాను. అమ్మ తలుపు తీసి, హెల్మెట్‌లో నన్ను గుర్తుపట్టక, "ఎవురు?" అంది. హెల్మెట్ తీశాక, "నువ్వా. రా, సంగటి చేస్తా" అని లోపలికి పోయింది. అంతే. ఆ మాత్రం మామూలుగా తీసుకోవడమే నాకు నచ్చింది. ఊరిబిండి వేసుకుని సంగటి తిని, ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చేశాను.

*

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. కానీ నాకు జరిగిన అసలు విషయం తర్వాత జరిగింది.

జూన్‌లో ఎనిమిది రోజులు అమ్మ దగ్గరికి వెళ్లలేదు. ఏ పని ఉందో గుర్తు లేదు, పెద్ద పనేమీ లేదు. టీవీ, ఎండ, బద్ధకం. తొమ్మిదో రోజు ఫోన్‌లో అమ్మ, "ఏం మే, బండి ఉండి కూడా కనపడవే" అంది. నా నోటికి అలవాటైన జవాబు వచ్చేసింది. "ఆయన" అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ వాక్యానికి తర్వాత మాట లేదు. ఆయన తీసుకురాలేదు అని ఇక చెప్పలేను. ఆటో దొరకలేదని చెప్పలేను. నేను రాలేదు. కారణం నేనే.

ఆ రోజు సాయంత్రం ఆ డైరీ తీసి మొదటి పేజీ చదివాను. పదకొండు చోట్లు. ఒక్కొక్కటీ మెల్లగా చదివితే, అందులో నాలుగింటికి నేను నిజంగా వెళ్లాలనుకోలేదని గుర్తొచ్చింది. చంద్రగిరి సీమంతానికి పోతే నగల గురించి అడుగుతారని నాకే మనసు లేదు. "ఆయనకు కుదరలేదు" అని చెప్పాను. స్కూల్ మీటింగుకు రెండు వీధులే, నడిచి పోవచ్చు. ఇంగ్లీషులో మాట్లాడాలేమోనని భయపడి పోలేదు. వాటినీ ఆయన ఖాతాలోనే రాశాను. జాబితా రాసిన రాత్రి తేలికగా అనిపించిందని మొదట్లో చెప్పాను కదా, ఆ తేలికదనం ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. తప్పు ఇంకొకరిది అయినప్పుడు మనం ఏమీ చేయనక్కర్లేదు. బాధగానే ఉంటుంది, కానీ ఆ బాధలో ఒక విశ్రాంతి ఉంటుంది. నేను ఇరవై ఏళ్లు ఆ విశ్రాంతిలో ఉన్నాను.

మిగతా ఏడింటిలో ఆయన తప్పు లేదని అనడం లేదు. ఉంది. అమ్మ కంటి చెకప్‌కు రాకపోవడం తప్పే, ఇప్పటికీ అంటాను. కానీ ఏడు వేరు, పదకొండు వేరు. నా లెక్క ఎక్కడ తప్పిందో నాకు తెలియడానికి నాకు బండి రావలసి వచ్చింది. బండి రానంతకాలం ఆ లెక్క సరిచూసుకునే దారి నాకు లేదు.

చదువుకున్నవాళ్లు మనల్ని మనం మెరుగుపరుచుకుంటే సంతోషం వస్తుందని అంటుంటారు. నా విషయంలో మొదట వచ్చింది సంతోషం కాదు. రెండు వారాలు చాలా వెలితిగా గడిచాయి. కోపం పెట్టుకోవడానికి చోటు లేదు. ఫోన్‌లో అక్కతో మాట్లాడుతుంటే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు, మా మాటలన్నీ ఇంతకాలం మా ఆయన గురించి, వాళ్ల ఆయన గురించే. సంతోషం ఆ తర్వాత, చాలా నెమ్మదిగా వచ్చింది.

రాత్రి పదింటికి ఆయన కొట్టు నుంచి వచ్చినప్పుడు నేను ఇదివరకు ముందుగా చూసేది గడియారం. ఇప్పుడు మనిషిని చూడడం మొదలైంది. నడుము పట్టుకుని కూర్చుంటున్నారు. పదమూడు గంటలు కింద చాప మీద కూర్చుని లెక్కలు రాస్తే ఏ నడుము నిలుస్తుంది? ఇలా ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, రెండేళ్లయింది అన్నారు. ఆ రెండేళ్లూ నేను, ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్లలేదు, ఇక్కడికి తీసుకెళ్లలేదు అంటూనే ఉన్నాను. జులైలో ఒక ఆదివారం నేనే వెనక కూర్చోబెట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. దారిలో ఆయనకు తెలిసినవాళ్లు ఇద్దరు చూశారు. ఆయన దిగలేదు, తల తిప్పుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చాక, "సిగ్నల్ దగ్గర ఇండికేటర్ ఆపడం మర్చిపోతున్నావు" అన్నారు. నేను సరే అన్నాను. నిజంగానే మర్చిపోతున్నాను.

ఆ అద్దం సంగతి కూడా అప్పుడే అడిగాను. ఎందుకు చెప్పలేదు అంటే, "చెప్తే మళ్లీ బండి ఎక్కమన్నట్టు ఉంటుంది. చెప్పకపోతే నీ ఇష్టం గదా" అన్నారు.

మా అబ్బాయికి ఇప్పుడు నేను ఫిర్యాదులు చెప్పడానికి ఫోన్ చేయడం లేదు. వాడే అన్నాడు, "అమ్మా, ఈ మధ్య నువ్వు ఫోన్ చేస్తే భయం వేయడం లేదు" అని. ఇన్నాళ్లూ నా ఫోన్ చూస్తే వాడికి భయం వేసేదని నాకు తెలియదు. ఆ మాట విన్న రోజు చాలాసేపు వంటింట్లో నిలబడిపోయాను.

అన్నీ చక్కబడ్డాయని కాదు. చీకటి పడ్డాక నేను ఇంకా బండి తీయను, ఎదురు లైట్లు కళ్లలో పడితే కంగారు. వర్షంలో ఆగిపోతాను. అమ్మ మతిమరుపు పెరుగుతోంది, మాత్ర వేసుకుందో లేదో తెలియడానికి వారం రోజుల డబ్బా కొనిచ్చాను, మంగళవారం గదిలోవి ఒక్కోసారి గురువారం దాకా ఉంటాయి. ఆ పని స్కూటీ చేయలేదు. కానీ వారానికి నాలుగు రోజులు పొద్దున్నే పోయి ఆ డబ్బా చూసి వస్తున్నాను. మేడమీద అమ్మాయి చదువు అయిపోయి చెన్నైలో ఉద్యోగానికి వెళ్లిపోయింది. పోయే ముందు నా డైరీ చూపించాను, రెండో పేజీ నుంచి. "ఏడు దాకా" అన్నది చదివి ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

2025లో గరుడ సేవ సెప్టెంబరు 28న, ఆదివారం. రోడ్లు నిండకముందే మధ్యాహ్నం రెండింటికి తిరుచానూరు చేరాను. అమ్మకు అన్నం పెట్టి, మాత్ర వేయించి, టీవీలో దేవస్థానం వాళ్ల ఎస్వీబీసీ ఛానల్ పెట్టి కూర్చున్నాం. స్వామి గరుడుడి మీద వాహన మండపం దాటి వస్తుంటే అమ్మ లేచి నిలబడి దండం పెట్టింది. పోయిన ఏడాది ఇదే రోజు చీకట్లో కూర్చున్న సంగతి ఆమెకు గుర్తు లేదు. నేను గుర్తు చేయలేదు. రాత్రి అక్కడే పడుకున్నాను.

తర్వాతి శుక్రవారం అమ్మవారి గుడికి పోవాలంది. నడిచి పోయే దూరమే, కానీ ఆమె ఇప్పుడు నడవలేదు. వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ ఉండాలని ఒకటి కొని పెట్టాను. కొప్పు అడ్డం వచ్చి ఎక్కలేదు. జడ విప్పి కిందకు వదిలి పెట్టాను. డెబ్భై నాలుగేళ్లకు మొదటిసారి బండి ఎక్కుతోంది. ఒక వైపు కాళ్లు పెట్టుకుని కూర్చుని, నా నడుము రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వీధి మలుపు తిరిగాక పద్మ సరోవరం వైపు పూలమ్మేవాళ్లు కనబడ్డారు. నేను కొంచెం చెయ్యి తిప్పానేమో, వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది.

"నిదానంగా పో మే. ఎవురూ తరుముకోని రావడం లేదు గదా."

నేను వేగం తగ్గించాను.